తొలి బొండం

ఎండాకాలం చెరువు ఎండితే అడుగునున్న వండ్రుమట్టిని కొబ్బరితోటకు తోలుకోవడం మా ఇంటి అలవాటు. తిరుప్పూరు దారిలో ఉన్న మా ఊళ్ళో, కాలువ వచ్చి చెరువులో కలిసే చోటే అందరూ తవ్వేవారు. అక్కడి మట్టి బాగా నలుపు.

ఒక ఏడు కోయంబత్తూరు పరిశోధన సంస్థ నుంచి ఒకమ్మాయి వచ్చి ఆ మట్టిని పరీక్షకు పట్టుకెళ్ళింది. తిరిగొచ్చి, తిరుప్పూరు సాయపట్టరైల నుంచి, అంటే అద్దకం కార్ఖానాల నుంచి, కాలువలో వచ్చే విషమంతా అక్కడే పేరుకుందని, తూర్పు కట్ట దగ్గర తవ్వుకోమని చెప్పింది. కాలువ దగ్గరి జమ్ము నీటిని వడగడుతుంది కాబట్టి దాన్ని పీకొద్దంది.

నాకు ఒళ్ళు మండింది. ట్రాక్టర్లు అప్పటికే వాకిట్లో ఉన్నాయి.

"నల్లమన్నే సత్తు, కణ్ణు. మా తాత కాలం నించీ ఆడనే ఎత్తుతుండాము" అన్నాడు నాయన, ఆమెను కూతుర్ని పిలిచినట్టు ముద్దుగా పిలిచి.

"మీ తాత కాలంలో సాయపట్టరైలు లేవు కదా అయ్యా" అందామె తమిళంలో, నెమ్మదిగా. తర్వాత ఎండలో మా వెంట నడిచి, ఎక్కడ తవ్వాలో కర్రలు పాతి చూపించింది. అప్పటినుంచి ప్రతి వేసవీ ట్రాక్టర్ల కంటే ముందే వస్తోంది.

తూర్పు కట్ట మట్టితో పెరిగిన మా కొత్త చెట్లు ఈ ఏడు కాపుకొచ్చాయి. తొలి బొండం మా బావి తవ్వినవాళ్ళ ఇంటికి పంపడం ఆనవాయితీ. నాయన దాన్ని నా చేతిలో పెట్టి, "ల్యాబుకి ఎత్తుకోని పో. బావి తవ్వినోళ్ళకి రెండోది ఇస్తాము" అన్నాడు.

ఆమె పరీక్ష చేయకుండానే తాగేసింది.