ఉబ్బని ఊపిరితిత్తి

నేను చెప్పే సైన్సు పాఠానికి నమూనా బొమ్మలు కొననీకి మా బడికి స్తోమత లేదు. అందుకని పొద్దున మాదన్నపేటల కసాయి భాయ్‌ని బతిమాలి, గొంతు గొట్టంతోని సహా మేక ఊపిరితిత్తులు తెచ్చిన. సైకిల్ పంపుతోని గాలి కొడితే ఒకటి మస్తు ఉబ్బింది, రెండోది లేవనే లేదు. కూరకనుకొని భాయ్ అలవాటు కొద్దీ దానికి గాటు పెట్టిండు! పిల్లలు నవ్విన్రు, నేనూ నవ్విన. ముందు వరుసల జహీరా నవ్వలే.

"ఉస్తానీ మా, మా అమ్మీ దినాం దగ్గుతది. లోపట గిట్లనే అయిందా?"

"కాదు బిడ్డా, గిది కత్తి గాటు."

"మరి అమ్మీది మంచిగ ఉబ్బుతదా?"

అప్పుడే గంట కొట్టిన్రు. బతికిన అనుకున్న. ఇంటికొచ్చినప్పటి సంది అదే ఫికర్. పంపు అడుక్కొచ్చిన, ఊపిరితిత్తులు అడుక్కొచ్చిన. జవాబు ఎవరినడగాలె? మీరైతే ఏం చెప్తరు? రేపు గూడ ఆ పిల్ల ముందు వరుసలనే కూసుంటది.