అమ్మ చెయ్యెత్తితే ఆగిన టాక్సీ

మా చిన్నప్పుడు... నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, ఒక జనవరి ఉదయం ఏడుంపావుకి, షికాగోలో మా అమ్మను దాటుకుని మూడు ఖాళీ టాక్సీలు వెళ్లిపోయాయి.

ఎనిమిదింటికి ఆమెకు ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. గుంటూరులో డాక్టరు... ఇక్కడ మళ్లీ పరీక్షలన్నీ రాసి, రెండేళ్లు ఎదురుచూస్తే వచ్చింది అదొక్కటే.

నాన్న పని మీద డెట్రాయిట్ దగ్గర ఉన్నారు. కారు ఆయనతోనే ఉంది. సెలవుల తర్వాత నా బడి ఇంకా తెరవలేదు, అందుకని వెంట తీసుకెళ్తోంది. ఆమె చేతిలో సర్టిఫికెట్ల ఫైలు... నా చేతిలో తాలింపు అటుకుల పొట్లం.

టాక్సీ నెత్తిన దీపం వెలుగుతుంటే ఖాళీ అని గుర్తు. నాలుగోదీ దీపంతోనే వచ్చింది. అమ్మ చేయి నడుము ఎత్తున చాచి, అరచేయి కిందికి పెట్టి, వేళ్లు ఆడించింది. గుంటూరులో రిక్షాని అలాగే పిలిచేది.

అదీ ఆగలేదు.

పక్కింటి మెట్ల మీద మంచు తోడుతున్న పెద్దాయన పార దించి, ఇంగ్లీషులో అన్నాడు: "మేడమ్, మీరు వాళ్లని వెళ్లిపొమ్మంటున్నారు! చెయ్యి పైకెత్తండి."

అమ్మ అటూ ఇటూ చూసింది. "నడిరోడ్డు మీద అలా చెయ్యెత్తితే ఏం బావుంటుందే?"

"క్లాస్‌లో ఆన్సర్ తెలిస్తే రెయిజ్ చేస్తాం కదమ్మా... అలా!"

"నేనైతే టీచర్ అడక్కముందే ఎత్తేదాన్ని," అంది.

ఎత్తింది. కోటు చెయ్యి జారి గాజులు బయటపడ్డాయి. అవతలి వరుసలో వెళ్తున్న పసుపు టాక్సీ ఒకటి ఇటు మళ్లి మా ముందు ఆగింది. అది ఆగినా అమ్మ చెయ్యి దించలేదు... నేనే లాగి దింపాను.

ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు చేరాం. ఆమెకు ఆ ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు మా పిల్లలకి టాక్సీ అంటే ఫోన్‌లో మెల్లగా కదిలే బొమ్మ. వీధిలో ఎవరూ ఎవరికోసం చెయ్యెత్తరు... మీ ఇంట్లో టాక్సీ ఆపడం ఎవరు ఎవరికి నేర్పారో రాయండి, చదవాలని ఉంది.

వచ్చే శుక్రవారం అమ్మ అదే ఆసుపత్రి నుంచి రిటైర్ అవుతోంది. ఆఖరి రోజు కదా, కారు బుక్ చేస్తానన్నాను.

"వద్దులేవే. నేనే ఆపుకుంటా."

ఆ వీధిలో ఖాళీ టాక్సీ రావడం ఇప్పుడు అరుదు. అయినా శుక్రవారం ఉదయం ఏడుంపావుకి ఇద్దరం ఆ మెట్ల దగ్గర నిలబడతాం.