పుట్టిలో నేను పలికిన మాట

కడప నుంచి బయలుదేరి ఆత్మకూరు మీదుగా కృష్ణ దాటాలనుకునేవారికి ఈ దారి పనికివస్తుందని రాస్తున్నాను. రేవు పేరు మాత్రం రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

నా భార్య పోయి అప్పటికి రెండు నెలలు. అస్థికలు పెన్నలో కలిపాం. కొంచెం మాత్రం రాగి చెంబులో తీసి ఉంచాను. ఆమె పుట్టిన ఊరు కృష్ణకు ఆవల, హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. చిన్నప్పుడు ఏరు దాటేటప్పుడు మధ్యలో ఒక బండ దగ్గర నీళ్లలో చెయ్యి పెట్టి ఆడేదట. అక్కడ కలపమని అడిగింది. ఆమె అడిగినవాటిలో నేను చేసినవి తక్కువ. ఇదైనా సరిగా చేయాలనుకున్నాను.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, కార్తీక మాసం. ఉదయం ఆరింటికి కడపలో బస్సెక్కాను. మైదుకూరు, చాగలమర్రి దాటి ఆళ్లగడ్డలో ఇరవై నిమిషాలు ఆపారు. అక్కడ ఉగ్గాని, బజ్జీలు తినవచ్చు. నంద్యాల చేరేసరికి ఒంటిగంట దాటింది. మూడింటికి ఆత్మకూరు బస్సు దొరికింది. ఆ రోజు ఆత్మకూరు సత్రంలో పడుకున్నాను. గదులు శుభ్రంగానే ఉంటాయి కానీ బావినీళ్లు ఉప్పన. తాగడానికి వేరే తెచ్చుకోవాలి.

ఆత్మకూరు నుంచి రేవుకు ఎద్దుబండి తప్ప మార్గం లేదు. తెల్లవారుజామున అయిదింటికి లింగన్న అనే రైతు బండి కట్టాడు. నా ఒళ్లోని చెంబు ఏమిటో అడిగి తెలుసుకుని, ఆ తర్వాత రాళ్లదారిలో ఎద్దులను మెల్లగా నడిపించాడు. దోవలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టాడు. పది గంటలకు ఏటిగట్టు కనిపించింది.

పుట్టి ఎరగనివారికి చెప్పాలి. వెదురుబద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున తోలు కప్పి, తారు పూస్తారు. ఈ రేవులోని పెద్ద పుట్టిలో పన్నెండు మంది పడతారు. దాని మధ్యలో గెడ పట్టుకుని పెద్దాయన నిలబడతాడు. తెడ్లు వేసేవాళ్లు ఇద్దరు, ఆయనకు వీపు పెట్టి, అంచున మోకాళ్ల మీద కూర్చుంటారు. ఆయన చెప్పింది వింటారే తప్ప వెనక్కి తిరిగి చూడరు.

ఆ పెద్దాయన పేరు సుంకన్న. అరవై దాటి ఉంటాయి. పుట్టి నిండేదాకా గంట సేపు కూర్చోవలసి వచ్చింది కాబట్టి ఆయన పనిని గురించి అడిగాను. బడిపంతులును, అడగడం అలవాటు. పుట్టి గుండ్రం, దానికి ముందూ వెనకా లేదు. నీళ్లలో తిరుగుతూ పోతుంది. అందుకని కుడి, ఎడమ అనే మాటలు అక్కడ పనికిరావు. ఏటినే చూసి చెప్పాలి. ‘ఎగవకెయ్’ అంటే ప్రవాహానికి ఎదురుగా తెడ్డు వేయడం. ‘దిగవకెయ్’ అంటే వాలుకు వేయడం. ‘పట్టు’ అంటే తెడ్డును నిలువునా ముంచి బిగపట్టడం. అప్పుడు పుట్టి ఆ తెడ్డు చుట్టూ తిరుగుతుంది. ‘ఇడ్సు’ అంటే వదలడం. నాలుగు మాటలతోనే ఏరు దాటిస్తాడన్నమాట. మాట చెవిన పడ్డాక ఎందుకని అడగకూడదు, ఎవరన్నారని చూడకూడదు. పెద్దాయన ఏట్లో పడిపోతే తక్కినవాళ్లలో ఎవరో ఒకరు అందుకుని చెప్తారు. ఆ గొంతుకూ తెడ్డు అలాగే కదలాలి.

నేను ఆ మాటలు వరసగా అప్పజెప్పాను. సుంకన్న నవ్వి, బాగా పలికినావు అయ్యోరా అన్నాడు. నాకు సంతోషమైంది.

మా పక్కన ఖాసీం సాబు అనే దర్జీ ఉన్నాడు. ఆవలి ఊళ్లో పెళ్లిబట్టలు కుట్టడానికి పోతున్నాడు. ఒకామె మేకను పట్టుకుని ఎక్కింది. గట్టు వదిలే ముందు సుంకన్న అందరికీ చెప్పాడు.

“ఇంగ నోర్లు కట్టుకోవల్ల. గట్టు తగిలిందాకా ఈడ నా గొంతొగటే ఇనపడల్ల.”

“మేక్కు చెప్పప్పా ముందు,” అన్నాడెవరో.

“మా ఇంటామెను తెచ్చి నెల దినాలు ఈ పుట్లో పెడ్తా,” అన్నాడు ఖాసీం సాబు. మేకామె కూడా నవ్వింది. సుంకన్న గెడతో గట్టును నెట్టాడు.

బండను గురించి సుంకన్నకు ముందే చెప్పి ఉన్నాను. బండకు దిగువన నీళ్లు నిలకడగా ఉంటాయి, ఆడ ఆపుతా, దిగులు పెట్టుకోవద్దు అన్నాడు. పావుగంటకు బండ దగ్గరైంది. నల్లగా, ఏనుగు వీపంత ఉంది. పుట్టి దాని పక్కగా జోరుగా పోతున్నది. సుంకన్న ఏమీ అనలేదు. బండ నా ముందు నుంచి దాటిపోతున్నది. ఆయన మరిచిపోయాడనుకున్నాను. ఆయన కళ్లకు ఆనలేదేమో అని కూడా అనుకున్నాను. చెంబును రెండు చేతులా పట్టుకుని, ముప్పై ఏళ్లుగా తరగతి గదిలో అలవాటైన గొంతుతో “పట్టు” అన్నాను.

ఇద్దరూ పట్టారు.

పుట్టి గిర్రున తిరిగి బండకు కొట్టుకుంది. తోలు చిరిగిన చప్పుడు విన్నాను. తెడ్డు వేస్తున్న సుంకన్న మేనల్లుడు మద్దిలేటి చెయ్యి బండకూ అంచుకూ మధ్య నలిగింది. నీళ్లు లోపలికి వస్తున్నాయి. సుంకన్న “ఇడ్సు, దిగవకెయ్” అని రెండే మాటలన్నాడు. అందరూ దోసిళ్లతో, టోపీలతో, ఖాసీం సాబు తన తలపాగాతో నీళ్లు తోడారు. నేను తోడలేదు. నా చేతుల్లో చెంబు ఉంది.

నాలుగు బారలు పోయాక పుట్టి దానంతటదే నిదానించింది. బండ చాటున నీళ్లు చెరువులో లాగా ఉన్నాయి. ఆయన ఆపుతానన్న చోటు అదే. ఇంకొక్క ఊపిరి సేపు ఆగి ఉంటే సరిపోయేది.

“ఇప్పుడు కలుపు అయ్యోరా,” అన్నాడు సుంకన్న.

మద్దిలేటి రెండు వేళ్లు చితికి, రక్తం మోచేతి దాకా కారుతున్నది. అతను దాన్ని పంచె కొంగుతో అదిమి పట్టుకుని నా కోసం ఎదురుచూశాడు. చెంబు విప్పి వంచాను. ఏమీ అనుకోలేదు. త్వరగా అయిపోవాలని మాత్రం అనుకున్నాను. నా భార్యకు నేను చేసిన చివరి పని ఆ విధంగా జరిగింది.

ఆవలి గట్టున రేవు గుత్తదారు మనిషి పాకలో ఉంటాడు. చిరిగిన తోలు చూశాడు, మద్దిలేటి చెయ్యి చూశాడు. ఆ బండ దగ్గర పట్టు అన్నదెవరని అడిగాడు. పుట్టిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఖాసీం సాబు తలపాగా పిండుకుంటూ నేల చూపులు చూశాడు.

“నేనే అంటి,” అన్నాడు సుంకన్న.

ఆ మనిషి గట్టిగా ఏమీ అరవలేదు. రెండేళ్లుగా నీ కళ్లు మసకలని చెప్తూనే ఉన్నాను, నువ్వు వినలేదు, ఇంక గెడ పట్టవద్దు అన్నాడు. సుంకన్న గెడను పాక గోడకు ఆనించి, మద్దిలేటిని తీసుకుని పసరు కట్టించడానికి పోయాడు. నా వైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు. భార్య అస్థికలు కలిపిన పూట పదిమందిలో మాట పడటం ఇష్టం లేక అనుకుందామని చూశాను. అది నిజం కాదు. భయపడ్డాను, అంతే.

రేవు నుంచి అత్తగారి ఊరు మూడు మైళ్లు, నడక. ఆమెకు చూపు లేదు. నా చేతులు తడిమి చూసి, “నా బిడ్డె నీళ్లల్ల మంచిగ కలిసిందా?” అని అడిగింది. కలిసిందన్నాను. మూడు రోజులున్నాను. పెట్టింది తిన్నాను. పొద్దున లేస్తే గోడకు ఆనించిన గెడే కళ్లముందు ఉండేది.

నాలుగో రోజు తొమ్మిదింటికి రేవుకు వచ్చాను. సుంకన్న పుట్టిని బోర్లించి చిరిగినచోట తోలు అతుకు వేస్తున్నాడు. పక్కన కూర్చుని, గుత్తదారు మనిషితో నిజం చెప్తానన్నాను. ఆయన సూది ఆపలేదు.

“పుట్లో పడిన మాట నాదే అయ్యోరా. ఎవురి నోట్నుంచి వచ్చినా నాదే. నువ్వు పలికే సందిచ్చినోన్ని నేను.”

“మీ పని పోయింది కదా.”

“పోనీలే. నువ్వు చెప్తే ఏమైతాది? రేపట్నుంచి మావోళ్లు మాట ఇనంగానే ఎవురంటిరని ఎనక్కి తిరిగి చూస్తారు. ఆ చూసేంత సేపు ఏరు నిలబడి ఉంటాదా?”

అయినా లేచి పాకలోకి పోయాను. ఆయన మేలు కోసమో, నా బరువు దించుకోవడానికో ఇప్పటికీ తేల్చుకోలేను. జరిగింది జరిగినట్టు చెప్పాను. గుత్తదారు మనిషి కుర్చీ వేయించి, శ్రద్ధగా విని, నవ్వాడు.

“ప్యాసింజరు చెప్తే తెడ్డేసేటోళ్లు ఇంటారా సార్? ముసలోని మీద జాలి పడి వచ్చినారు. శానా మంచోళ్లు మీరు.”

నేను పట్టుబట్టాను. అతను బయటికి కేకేసి సుంకన్నను అడిగాడు. నేనే అన్నాడు సుంకన్న. గుడ్డ కట్టిన చేతితో నీడన కూర్చున్న మద్దిలేటిని అడిగాడు. మా మామే అన్నాడు మద్దిలేటి. మొదటి రోజే, తడిబట్టలతో, ఆ పదిమంది ముందర చెప్పి ఉంటే నన్ను నమ్మేవాడు. మూడు రోజులు గడిచాక నా నిజం దయలాగా కనిపించింది.

ఆ రోజు నేనెక్కిన ఇంకో పుట్టిలో గెడ పట్టినవాడు పడుచువాడు. ఒక్కో మాట రెండుసార్లు అన్నాడు. దాటడానికి పావుగంట బదులు ముప్పావుగంట పట్టింది. బండ దగ్గర కళ్లు మూసుకున్నాను.

ఈవలి గట్టున లింగన్న బండి దొరికింది. అతనికి అప్పటికే తెలుసు. గుత్తదారు మనిషి నాకంటే ముందు పుట్టిలో వచ్చినవాళ్లకు నేను జాలిపడి వచ్చానని చెప్పాడు, వాళ్లు ఇతనికి చెప్పారు. బాడుగ వద్దన్నాడు. బలవంతాన చేతిలో పెట్టాను. నాలుగింటికి ఆత్మకూరు చేరాం.

ఈ దారిలో పోయేవారికి చివరగా ఒక మాట. బస్సులు సమయానికే వస్తాయి, సత్రాలు ఫర్వాలేదు, కార్తీకంలో ఏరు కూడా మంచిదే. రేవు మనుషులు తమ పని ఎరిగినవాళ్లు. వాళ్ల భాష నేర్చుకోవచ్చు, రాసుకోవచ్చు. పలికే హక్కు మాత్రం వాళ్లది.

నంద్యాల బస్సు నిండిపోయి ఉంది. నిలబడి పోదామని ఎక్కాను. లింగన్న కిటికీ దగ్గరికి వచ్చి ముందు వరసలో ఉన్న రెడ్డిగారితో ఏదో అన్నాడు. ఆయన నాకంటే పెద్దవాడు, చేతికర్ర కూడా ఉంది. లేచి నిలబడ్డాడు.

“ఈడ కూచో సామీ. ఎవురిదో తప్పు నెత్తిన ఏసుకునేటోళ్లు ఈ కాలంలో యాడుండారు?”

కాదని చెప్పబోయాను. బస్సులో అందరూ నా వైపే చూస్తున్నారు. కండక్టరు నా సంచి అందుకున్నాడు. కూర్చున్నాను. రెడ్డిగారు నంద్యాల దాకా నిలబడే వచ్చాడు.