గూబ తెచ్చిన ఎలుకలు

వరంగల్ నుంచి మరిపెడ వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. వర్ధన్నపేట దగ్గర పత్తి సాగు చేస్తుందట. నా చేతిలోని డబ్బాలో ఏముందని అడిగింది.

"ఎలుకల పళ్లమ్మా. ఒక గుహలో దొరికాయి, వేల ఏళ్ల కిందటివి. ఇవి గడ్డి నమిలే ఎలుకలవి. అంటే ఆ గుహ చుట్టూ అప్పట్లో గడ్డిమైదానం ఉండేదన్నమాట" అన్నాను. నా నాలుగేళ్ల పరిశోధన తేల్చింది అదే.

ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. "అవి ఆడనే బతికినయని ఎట్ల చెప్తవు బిడ్డా? మా కొట్టంల గూబ ఉంటది. యాడనో చెరువు కింద వరి పొలాలల్ల ఎలుకలను పట్టి తింటది, బొక్కలు మా కొట్టంల కక్కుతది. మాది పత్తి చెలక. ఆ బొక్కలు చూసి మా ఇంటికాడ వరి పండిందంటవా?"

గూబలు ఎముకలు కక్కే సంగతి నేనూ చదివాను. కానీ నా గుహ విషయంలో ఎందుకో అంత లోతుగా ఆలోచించలేదు. మాట మారుస్తూ, "ఇంట్లో గూబ ఉంటే అరిష్టమనరా?" అన్నాను.

"ఎలుకలను తినేదాన్ని ఎట్ల ఎల్లగొడ్త? నమ్మకుంటే దిగు, చూపెడ్త."

ఆమెతో పాటు దిగాను. కొట్టంలో దూలం కింద గూబ కక్కిన నల్లటి ఉండను విప్పితే చిన్న దవడలు బయటపడ్డాయి. బయటికొచ్చి చూస్తే, కనుచూపు మేరా పత్తి.

నా థీసిస్ చివరి అధ్యాయం ఇంకా మా ప్రొఫెసర్‌కు పంపలేదు. గడ్డి ఎక్కడ పెరిగిందో, గూబ ఎంత దూరం ఎగిరిందో ఇప్పటికీ నాకు తేలడం లేదు.