విప్పని తాయెత్తు

మా ఆయనకు ఒక సూది మందు పడదన్న సంగతి ఆదోని ఆసుపత్రిలో తెలిసింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నా పేరు రాసిన కాగితం నా ముందు పెట్టినా అది నాదని గుర్తుపట్టలేనిదాన్ని. ఇప్పుడు ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను. రాయడం వచ్చాక మొదట రాయవలసింది ఇదేనని ఎప్పుడో అనుకున్నాను. చెయ్యి సాగక ఇన్నాళ్ళు పట్టింది.

ఆయన పత్తి మార్కెట్టులో హమాలీ. ఒకరోజు పక్కవాడి చేతిలోని ఇనుప కొక్కెం జారి ఆయన పిక్కలో దిగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని నాలుగు రోజులు పనికి పోయాడు. ఐదో రోజుకు కాలు వాచి, చీము పట్టి, అడుగు వెయ్యలేకపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోతే పడక ఇచ్చారు.

ఆ వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. నాకన్నా పదేళ్ళు చిన్నది. మా పక్క మనిషే, మా మాటే మాట్లాడేది. సూది వేసే ముందు ఆయన ముంజేతి మీద చర్మం కింద ఒక్క చుక్క మందు ఎక్కించి, దాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీసింది. "కొంచెంసేపు సూస్తామన్నా, కదలొద్దు" అంది. ఆయన నవ్వుతూ నాతో, "సూడే, నా చేతికి బొట్టు పెట్టిందీ యమ్మ" అన్నాడు. ఆ నవ్వు ముగియకముందే గీత లోపల చర్మం ఉబ్బింది. అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టాడు. మెడ మీద, వీపు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. పెదాలు వాచాయి. ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. నర్సమ్మ పరుగెత్తి వచ్చి తొడకు ఇంకో సూది పొడిచింది, ముక్కుకు గాలి గొట్టం పెట్టింది, కాళ్ళు ఎత్తించింది. డాక్టరు వచ్చాడు. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు.

ఇంటికి పంపే రోజు నర్సమ్మ మా పడక అంచున కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"అక్కా, ఈ మందు ఈయన్నకు ఇంగెప్పుడూ ఎక్కించకూడదు. ఈసారి బయటపడినాడు. ఇంగోసారి ఏస్తే ఇంతకంటే ఎక్కువైతాది. పానం పోతాది. అర్థమైందా?"

"అయిందమ్మా."

"అరచేతులు దురద పెడితే, పెదాలు వాస్తే, గొంతు పట్టేస్తే ఒక్క నిమిషం గూడ ఆగొద్దు. ఈడికి ఎత్తుకొని రావాల."

"సరేమ్మా."

తర్వాత ఒక అర ఠావు కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో రాసింది. నాలుగు వరుసలు. మధ్యలో ఒక మాట పెద్దగా రాసి కింద రెండు గీతలు కొట్టింది. "మందు పేరు నీకు గుర్తుండదులే అక్కా. దీంట్లో రాసినా. ఈ కాగితం ఎప్పుడూ ఈయన్న ఒంటి మీదనే ఉండాల. ఇది ఉన్నంతవరకూ మీకేం భయం లేదు" అంది.

నేను ఆ మాటల్లో ఒక్కటి కూడా మరిచిపోలేదు. చెప్పినది చెప్పినట్టు చేశాను. 

హమాలీకి ఒంటి మీద కాగితం ఉండడం కుదరని పని. మార్కెట్టుకు పోగానే చొక్కా విప్పి మేకుకు తగిలిస్తారు. బనీను, నెత్తికి తువ్వాలు, అంతే. చొక్కా జేబులో పెడితే అది మేకు మీదే ఉండిపోతుంది, ఒంటి మీద ఉండదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి మొలతాడుకు కట్టాను. మూట ఒరుసుకుని కవరు చిరిగింది, చెమటకు కాగితం తడిసింది. ఎర్ర రంగు ఒక మూల అలుక్కుపోయింది.  ఎండలో ఆరబెడుతూ ఉంటే ఆలోచన తట్టింది.

మా కూతురు చిన్నప్పుడు నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తుంటే దర్గా దగ్గర ఒక కాగితం రాయించుకున్నాం. అది రాగి గొట్టంలో పెట్టి, లక్కతో మూసి, నల్లదారంతో చేతికి కట్టారు. ఏడుపు తగ్గింది. అందులో ఏం రాశారో మాలో ఎవరికీ తెలియదు. తెలియనవసరం లేదు. చదవలేని కాగితం మనిషికి చేసే పని అదొక్కటే నాకు తెలుసు. ఒంటి మీద ఉండాలి, తడవకూడదు, కాపాడుతుంది. నర్సమ్మ చెప్పిందీ అదే కదా.

తాయెత్తులు కట్టే ముసలాయన దగ్గరికి పోయాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు రాసిచ్చినారమ్మా ఇది?"

"ఆసుపత్రిలో రాసిచ్చినారు తాతా. మా ఆయనకు సూది పడదు, దానికి."

"నాకు తెలుగు సదవను రాదు బేటీ. మంచికే రాసింటారు" అని దేవుణ్ణి తలుచుకుని సన్నగా చుట్టి గొట్టంలో దూర్చాడు. లక్క కరిగించి పోశాడు. "స్నానానికి తీయనక్కర్లేదు. ఎవురన్నా అడిగితే ఇప్పొద్దు. ఇప్పితే దాని సత్తువ పోతాది" అని చెప్పి పంపాడు. ఇంటికొచ్చి నల్లదారంతో మా ఆయన కుడి దండచేతికి కట్టాను.

మార్కెట్టులో ఆయన జత హమాలీలు ఊరుకుంటారా? "ఏం బావా, ఏ దయ్యం పట్టింది నిన్ను?" అంటే "సూది దయ్యంరా, తెల్లచీర కట్టుకోని వచ్చింది" అనేవాడట. అప్పటి నుంచి ఆయనకు సూదిసామి అని పేరు పెట్టారు. "సూదిసామీ, ఈ మూటెత్తు" "సూదిసామీ, బీడీ ఉందా" అని. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వేవాడు.

నెలకు కాలు చూపించుకోవడానికి పోయినప్పుడు నర్సమ్మ మరిచిపోకుండా అడిగింది.

"కాగితం ఉందా అక్కా?"

"ఉందమ్మా. ఒంటి మీదనే ఉంది. నీళ్ళు తగిలినా ఏం గాదిప్పుడు."

"మంచిపని చేసినావక్కా" అంది. నాకు ఎంత గర్వమో. ఆయన ఆ రోజు నిండు చేతుల చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి వైపు చూడలేదు. నేనూ చూపించలేదు.

రెండేళ్ళు గడిచాయి. వేరుశనగ పీకే కాలంలో మార్కెట్టులో పని తక్కువ. పెద్దకడుబూరు దగ్గర మా పుట్టినూరికి కూలికి పోయాం. మా అన్న ఇంట్లో దిగాం. అక్కడ ఆయనకు దవడ పన్ను పుచ్చి చెంప బుంగలా వాచింది, జ్వరం వచ్చింది. రెండు రోజులు లవంగం అదుముకుని చేలోకి వచ్చాడు. మూడో రోజు నోరు తెరవలేకపోయాడు. ఊళ్ళో మందులిచ్చే డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయాను.

ఆ డాక్టరు చెడ్డవాడు కాదు. ఇది ముందే రాయాలి. ఊళ్ళో ఎవరికి ఏమొచ్చినా లేచి వచ్చే మనిషి. సూది తీస్తూ ఆయనే అడిగాడు.

"ముందర ఎప్పుడన్నా ఏ మందన్నా పడకపోయిందా?"

"పడలేదప్పా. ఒక సూది పడదు" అన్నాను నేను.

"ఏ సూది?"

"పేరు తెల్దు."

"పేరు తెల్కపోతే ఎట్లమ్మా? యాడన్నా రాసిచ్చినారా?"

"రాసిచ్చినారు. దీంట్లోనే ఉంది" అని మా ఆయన దండచెయ్యి చూపించాను.

డాక్టరు తాయెత్తును చూశాడు. నన్ను చూశాడు. "తాయెత్తులోనా? ఇప్పు మరి, సూస్తా" అన్నాడు.

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. రెండేళ్ళుగా ఆయనకు ఏమీ కాలేదు. ఆ లక్క చెక్కు చెదరలేదు. ఇప్పుడు సూది వేసే ముందే దాన్ని పగలగొట్టి సత్తువ పోగొట్టుకోవడమా? అది ఉండవలసింది ఇప్పుడే కదా అనుకున్నాను.

"ఇప్పకూడదప్పా" అన్నాను.

ఆయన వాచిన నోటితోనే, "ఏసెయ్యప్పా నీవు. కట్టుకోనుండాను కదా, ఏం గాదు" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. ఏ సామో రాసిచ్చిన రక్షరేకు అనుకున్నాడు. మావాళ్ళ భయాలు ఆయనకు కొత్త కాదు. సూది వేశాడు.

బయటి అరుగు మీదకు వచ్చాం. ఆయన అరచేతులు రుద్దుకున్నాడు.  "అదే! అదే వచ్చినాది!" అని అరిచాను. డాక్టరు లోపలి నుంచి పరుగెత్తి వచ్చాడు. తన దగ్గరున్న మందేదో పొడిచాడు, ఆటో పిలిపించాడు. మా అన్న ముందు కూర్చున్నాడు. నేను వెనక ఆయన తలను ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆదోని దారి అంత పొడుగని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఊపిరి మళ్ళీ ఈల వేసింది. ఆయన ఎడమచేత్తో కుడి దండచేతి తాయెత్తును పట్టుకున్నాడు. వేళ్ళు పట్టు వదిలేస్తుంటే నేను పట్టుకున్నాను. రెండు చేతులతో, నా బలమంతా పెట్టి దాన్ని ఆయన ఒంటికి అదిమి పట్టుకున్నాను. ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచ్చరు మీదకు ఎత్తేటప్పుడు కూడా నా చేతులు దాని మీదే ఉన్నాయి. అప్పటికే ఈల ఆగిపోయింది.

నర్సమ్మ ఆ రోజు డ్యూటీలో ఉంది. నన్ను గుర్తుపట్టింది. డాక్టరు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాక, "కాగితం సూపీలేదా అక్కా? యాడ పెట్టినావు?" అని అడిగింది. తాయెత్తు చూపించాను.

ఆమె కట్లు కత్తిరించే కత్తెర తెచ్చి దారం కోసింది. లక్కను దాని మొనతో పొడిచి పగలగొట్టింది. కాగితం బయటికి లాగి విప్పింది. మడతలు పడి, ఒక మూల రంగు అలుక్కుపోయి ఉందే గానీ మిగతాదంతా అట్లాగే ఉంది. ఎర్రగా, కొత్తగా. లోపల ఒక్క చుక్క చెమట దూరలేదు.

"సదువమ్మా" అన్నాను.

ఆమె చదివింది. మందు పేరు చదివింది. ఇది పడదని చదివింది. చివరి వరుస దగ్గర తలెత్తి నా మొహం చూసింది. అయినా చదివింది. ఎక్కడికి పోయినా సూది వేయించుకునే ముందు ఈ కాగితం తీసి డాక్టరుకు చూపించాలి అని.

"ఇది నీవు నోటితో సెప్పలేదమ్మా" అన్నాను. తప్పు పట్టాలని అనలేదు. నిజంగా ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆమె బల్ల మీద కూలబడి మొహం కప్పుకుంది. "రాసినా కదా అనుకున్న్యా అక్కా. ఉందా అని అడిగినా, సూపీమని అడగలేదు" అంది. తప్పు నాది అంటే నాది అని ఇద్దరం అనుకుంటూ కూర్చున్నాం. మధ్యలో ఆయన పడుకుని ఉన్నాడు.

ఆ తర్వాతి సంగతులు తక్కువలో రాస్తాను. మాసికాలు ముగిశాక అదే ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నర్సమ్మ నన్ను కూర్చోబెట్టుకుని మందుల అట్టపెట్టెలు చించి వాటి వెనక అక్షరాలు రాయించేది. అ ఆలతో మొదలుపెట్టలేదు. ఆ మందు పేరుతో మొదలుపెట్టింది. నేనే అడిగాను అట్లా. పెనిసిలిన్. ఆ ఒక్క మాట సరిగ్గా రాయడానికి నాకు నెల పట్టింది. రాసిన రోజు సంతోషం రాలేదు. దీన్ని ఆ అరుగు మీద నోటితో అనగలిగి ఉంటే చాలు కదా అనిపించి, చీపురు తీసుకుని లేచిపోయాను.

ఆ తాయెత్తు కాగితం నా దగ్గరే ఉంది. ఇప్పుడు నాలుగు వరుసలూ ఆగకుండా చదవగలను. చివరి వరుస మాత్రం పైకి చదవను.

ఇప్పుడు నర్సమ్మ పద్ధతి మారింది. మందు పడనివాళ్ళకు కాగితం రాసిచ్చాక, ఇంటివాళ్ళ చేత ఆ పేరు మూడుసార్లు అనిపిస్తుంది. ఎవరికి చెప్తావు, ఎప్పుడు చెప్తావు అని ఎదురు అడుగుతుంది. తనకు తీరిక లేకపోతే నన్ను పిలుస్తుంది.

మొన్న హాలహర్వి వైపు నుంచి ఒక చిన్న వయసు కోడలు అత్తను తీసుకుని వచ్చింది. అత్తకూ అదే మందు పడదు. కాగితం ఇచ్చి రెండు వారాలైంది, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చారు. నేను వరండా తుడుస్తూ ఆగి అడిగాను.

"కాగితం ఉందా పాపా?"

"ఉందక్కా. శానా బద్రంగా పెట్టినా" అంది, ఆ రోజు నేను అన్నట్టే, మొహం వెలిగిపోతూ.

తుడుపు కర్ర గోడకు ఆనించి తడి చేతులు చీరకు తుడుచుకున్నాను.

"బద్రంగా వద్దు తల్లీ. తియ్యి. నాకు సూపీ" అన్నాను.