మా అత్తయ్య బాటిల్ భక్తి

రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వీధిలో ఏ జబ్బుకైనా మందు ఒక్కటే: బాటిల్. జ్వరానికి బాటిల్, నడుంనొప్పికి బాటిల్, కోడలు ఎదురు మాట్లాడితే వచ్చే నీరసానికీ బాటిలే. వీధి చివరి క్లినిక్‌లో మేకుకు సెలైన్ సీసా వేలాడదీస్తే చాలు, చూడ్డానికి చుట్టాలు బత్తాయిలు పట్టుకుని వచ్చేవారు. మాత్రలతో తగ్గిపోయే జబ్బుకు మావాళ్ళ దగ్గర పరువు లేదు.

ఒక వానాకాలం మా అత్తయ్య పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పొద్దున్న లేచేసరికి మొహం కూడా ఉబ్బేది. ఇరుగుపొరుగు దాన్ని ఒళ్ళు చేయడమనుకుని, కోడలు బాగా చూసుకుంటోందన్నారు. ఆ వీధిలో నాకు దక్కిన ఏకైక మెప్పు ఆ వాపు పుణ్యమే.

"కమ్‌జోరీ వచ్చేసినాది, ఒంట్లో సత్తువ నేదు. ఒక బాటిల్ ఎక్కించీయండి, లెగిసి కూకుంటాను" అంది అత్తయ్య.

పెద్దాసుపత్రిలో చూపిద్దామన్నాను. ఖర్చుకు వెనకాడుతున్నానని మొహం తిప్పుకుంది. మాతృభక్తి పరాయణుడైన మా ఆయన వెంటనే వీధి చివరి క్లినిక్‌కే తీసుకెళ్ళి బాటిల్ ఎక్కించారు. మర్నాటికి వాపు మోకాళ్ళకు పాకింది. ఒకటి చాలలేదని తేల్చి, రెండోది ఎక్కించారు. ఆ సాయంత్రం అత్తయ్య వెల్లకిలా పడుకోలేక, లేచి కూర్చుని, ఊపిరి అందక నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాం.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో విడమరిచి చెప్పింది. వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాల్లో రక్తం ఒత్తిడి నీటిని గోడల గుండా బయటికి తోస్తుందట. నానబెట్టిన పప్పు నీళ్ళు లాగినట్టు, రక్తంలోని ప్రొటీను ఆ నీటిలో చాలా భాగాన్ని వెనక్కి లాగుతుందట. అత్తయ్య కిడ్నీలు ఆ ప్రొటీనును మూత్రంలో పారబోస్తున్నాయి. తోసేది ఉంది, లాగేది లేదు. మేం ఎక్కించిన సెలైన్ తోపును పెంచి, మిగిలిన కాస్త ప్రొటీనునూ పల్చన చేసింది. ఆ నీళ్ళు ముందు కాళ్ళలోకి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరాయి.

ఇదంతా తెలుగులో చెప్పాను. ఆక్సిజన్ గొట్టంతోనే అత్తయ్య శ్రద్ధగా విని, "అయితే కాళ్ళు ఎత్తులో ఎట్టి ఎక్కించమను" అంది.

ఈసారి ఎక్కించలేదు. ఉప్పు మానిపించి, నీరు తీసే మందులిచ్చారు. ఊపిరి కుదుటపడింది, రోజురోజుకూ వాపు దిగింది.

డిశ్చార్జ్ రోజు ఒళ్ళు తుడుస్తుంటే చూశాను. నీరంతా పోయాక మిగిలిన మనిషి గుప్పెడంత ఉంది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఇన్నేళ్ళూ నేను పోట్లాడింది ఈ కాస్త ప్రాణంతోనా అనిపించి, గుండె చెరువైపోయింది. తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

అత్తయ్య నా వైపు అనుమానంగా చూసింది.

"ఏటే, నాను బతికినానని ఏడుస్తన్నావేటి?"