కణుజు మాంసానికి కుట్టిన సంచి

వీపు సంచి కొనడానికి నన్ను తోడు తీసుకెళ్లినవాళ్లు రెండోసారి పిలవరు. వాళ్లు జేబులు లెక్కపెట్టుకుంటారు, రంగు చూసుకుంటారు, జిప్పు అటూ ఇటూ లాగి మురిసిపోతారు. నేను సంచి తిరగేసి, పట్టీ మొదట్లో కుట్టు ఎలా ఉందో చూస్తాను. షాపువాడు గుర్రుగా చూస్తాడు, చూడనీ. సంచి చిరిగేది జేబు దగ్గర కాదు, పట్టీ మొదట్లో. ఇది నాకు పజుండౌంగ్ పేటలో మా నాన్న కుట్టుమిషను పక్కన తెలిసింది. అప్పటికింకా ఊరిని మేమంతా రంగూన్ అనే అనేవాళ్లం.

నాన్న మా బిల్డింగ్ కింది దుకాణంలో టార్పాలిన్లు కుట్టేవాడు. లారీ కప్పులు, అంగళ్ల పందిళ్లు, సైకిల్ రిక్షాల టాపులు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రేవులో బియ్యం మూటలు మోసినవాడు. అందుకని బరువు విషయంలో మా ఇంట్లో ఎవరి మాటా ఎవరూ వినేవారు కాదు, అందరికీ అన్నీ తెలుసు. నాన్న దగ్గర ఒక పరీక్ష ఉండేది. సంచిలో పదిహేను వీశెల బియ్యం, అంటే ఇరవై కిలోల పైనే, పోసి, కొనేవాణ్ణి మా బిల్డింగ్ మెట్లు నాలుగంతస్తులూ రెండుసార్లు ఎక్కి దిగమనేవాడు. దిగాక వెనక్కి తిరగమని చొక్కా మీద చెమట మరక చూసేవాడు. మరక రెండు భుజాల మీదే ఉంటే సంచి దండగ. నడుం చుట్టూ కూడా పాకితే బరువు తుంటి మీద కూర్చున్నట్టు. ఈ పరీక్ష జరిగినప్పుడల్లా అమ్మ పైనుంచి కేకేసేది, "నా బియ్యం నాకు తిరిగొచ్చీయాల! సెమట సుక్క పడినాదంటే ఊరుకోను!"

మా వెనక వీధిలో ఒక రిటైరైన బడిపంతులు ఉండేవాడు. బర్మా ఆయన. బర్మా మాటలో పంతుల్ని సయా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఏటా చలికాలంలో ఆయన పాత తుపాకీ పట్టుకుని ఊరికి ఉత్తరాన ఉన్న కొండల్లోకి కణుజుల వేటకు వెళ్లేవాడు. కణుజు అంటే జింకల్లో పెద్దది, మనిషికి నాలుగింతలు తూగుతుంది. కొట్టడం ఒక ఎత్తు, ముక్కలు చేసి ఆ మాంసాన్ని రోజుల తరబడి వీపు మీద మోసుకురావడం ఇంకో ఎత్తు. ఒకరోజు ఆయన మూడు సంచులు తెచ్చి నాన్న ముందు పెట్టి, వీటిలో ఏది మంచిదో చెప్పమన్నాడు.

దేశం తలుపులన్నీ మూసుకుని కూర్చున్న రోజులవి. కొత్త సంచి కావాలంటే ఓడ పనివాడైనా తేవాలి, సరిహద్దు దాటి దొంగతనంగానైనా రావాలి. ఆ మూడింటిలో ఒకటి యుద్ధకాలం నాటి సిపాయిల కాన్వాసు సంచి. రెండోది థాయిలాండ్ నుంచి చాటుగా వచ్చిన నైలాన్‌ది. మూడోది కొండవాళ్లు నుదుటి పట్టీతో మోసే పేము బుట్ట. సయా మూడింటితోనూ మెట్లెక్కి దిగాడు. మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. వీధిలో వాళ్లు పని మానుకుని చూశారు.

సిపాయి సంచి గుడ్డ గట్టిదే కానీ పట్టీలు సన్నం, మాంసంలోకి దిగిపోతాయి. నైలాన్ సంచికి నడుం పట్టీ బ్రహ్మాండంగా ఉంది కానీ అడుగు వేస్తే చాలు, ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరమంటుంది. "జిప్పు లాగితేనే కణుజు కొండ దిగిపోద్ది," అన్నాడు నాన్న. పేము బుట్ట హాయిగానే ఉంది, అలవాటున్న మెడకి. "నుదుటికి పట్టీ ఏసుకుంటే కిందకే సూడాల. కిందకి సూసే వోడికి జంతువు ఏడ కనపడతాది?" ఈ మాటలన్నీ నేను సయాకు బర్మా మాటలో చెప్పాను. నాన్న బర్మా మాట బేరానికి సరిపోయేది, వాదనకి చాలేది కాదు.

చివరికి నాన్నే ఒకటి కుట్టాడు. శబ్దం చేయని కాన్వాసు గుడ్డ, వెనక తేలికైన పేము చట్రం, నాలుగు వేళ్ల వెడల్పు నవారు పట్టీలు. పట్టీల్లోకి దూది వద్దన్నాడు, తడిస్తే ఉండలు కడుతుందని. పాత కంబళి మడతపెట్టి కుట్టాడు. నెత్తురు గుడ్డకి అంటకుండా లోపల రబ్బరు షీటు, తీసి కడుక్కునేలాగ. పట్టీ మొదళ్లు మాత్రం మిషనుకి అప్పజెప్పలేదు. మైనం పట్టించిన దారంతో, దబ్బనంతో, చేత్తో రెండు వరసలు కుట్టాడు. సయా మెట్లెక్కి దిగాడు. మరక నడుం చుట్టూ అందంగా పరుచుకుంది. నాన్న ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

రెండు వారాలకి సయా కుంటుకుంటూ వచ్చాడు. మాకు ఎండబెట్టిన మాంసం పొట్లం ఇచ్చి, సంచి చాలా బాగుందన్నాడు. పెద్దమనిషి, అంతకంటే ఏమంటాడు? నాన్న నమ్మలేదు. చొక్కా ఎత్తమన్నాడు. నడుం మధ్యన అరచేతిమేర తోలు లేచిపోయి ఉంది. నొప్పి ఓర్చుకోలేక ఒక తొడ మాంసం అడవిలోనే వదిలేసి వచ్చాడట. నాన్న వంగి పుండు చూసి, అడవిలో లుంగీ ఎలా కట్టుకుంటావని అడిగాడు. సయా అక్కడికక్కడే చూపించాడు. లుంగీ అంచు కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, నడుం వెనక ఉండలా దోపాడు. అదే మన గోచీ. దుకాణం దగ్గర మెట్లెక్కినప్పుడు మాత్రం మర్యాదగా పాదాల దాకా కట్టుకుని ఎక్కాడు. సంచి అడుగుభాగం సరిగ్గా ఆ ఉండ మీద కూర్చుని, కొండలన్నీ దిగేదాకా రాస్తూనే ఉంది.

నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "ఓలే, మీ తాత ఏటి కట్టుకుని మూటలు మోసినాడే? గోచీ కాదేటి? ఆ ఇంట్లో పుట్టిన నాకు బుద్ధి లేకపోనాదే!" నాకు నవ్వు ఆగలేదు. సయా కూడా నవ్వాడు. కొత్తది కుట్టి ఇస్తానని, వీపు మెత్త మధ్యలో గుంట వదిలి, గోచీ ఉండ అందులో కూర్చునేలా చేస్తానని నాన్న మాటిచ్చాడు. ఎండాకాలమంతా పందిళ్ల పని తెమలక, అది వానాకాలం దాకా సాగింది.

ఆ వానాకాలమే ఎనభై ఎనిమిదిలోది. ప్రభుత్వం దిగిపోవాలని వీధుల్లోకి జనం వచ్చారు. కాలేజీలు మూశారు. సయా కూతురూ నేనూ ఒకే క్లాసు. ఇద్దరం ఊరి నడిబొడ్డున ఉన్న చౌక్తడా దాకా ఊరేగింపుల్లో నడిచాం, గొంతులు పోయేలా అరిచాం. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను, ఆ మాట దాచుకోను. తర్వాత కాల్పులు, తర్వాత సైన్యం పెత్తనం, తర్వాత నిశ్శబ్దం. మాతో నడిచినవాళ్లలో కొందరిని ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. మిగిలినవాళ్లు ఒకరొకరుగా సరిహద్దు అడవుల దారి పట్టారు.

ఒక ఉదయం వానలో సయా, ఆయన కూతురు దుకాణానికి వచ్చారు. వేటకి వెళ్లాలి, సంచి రెండు రోజుల్లో కావాలి అన్నాడాయన. వానాకాలంలో, జలగల్లో, బురదలో వేటకి వెళ్లేవాడు లేడు. పైగా కొలతలు అమ్మాయివి తీసుకోమన్నాడు. నాన్న టేపు తీసి ఆమె కొలతలు తీసుకున్నాడు. సయా కోసం సగం కుట్టిన సంచి చట్రం నాలుగు వేళ్లు కోసి పొట్టి చేశాడు. ఆమె ప్యాంటు వేసుకుంటుంది కాబట్టి, అంత ఆలోచించి వదిలిన గుంటలో కంబళి ముక్క నింపి కుట్టేశాడు. మూడో రోజు ఆమె ఒక్కతే వచ్చింది. నాన్న ఎనిమిది వీశెల బియ్యం పోసి, మెట్లు చూపించాడు. నన్ను కూడా వెంట వెళ్లమన్నాడు.

మూడో అంతస్తులో ఆమె ఆగింది. రేపు తెల్లవారుజాము బస్సుకి వెళ్తున్నానంది. దిగాక సరిహద్దు దాకా వారాల తరబడి నడక.

"నువ్వూ రా. నీ పేరు కూడా సైన్యం దగ్గర ఉండే ఉంటుంది."

వెళ్లాలని ఉంది. భయంగానూ ఉంది. ఏది ఎక్కువో నాకే తెలియలేదు.

"నాకు సంచి లేదుగా," అన్నాను. ఆ క్షణాన నోటికొచ్చింది అదే.

"ఆ అడవిలో మోసే సంచి లేకపోతే బతకలేం, నిజమే. మీ నాన్నని అడుగుదాం," అంది.

కిందికి దిగాక ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. నాన్న మరక చూసి, పట్టీ ఒక వేలు బిగించాడు. ఆమె బర్మా మాటలో అడిగింది, "ఊలే, ఇలాంటిదే ఇంకొకటి ఇవాళ కుట్టగలరా?" ఊలే అంటే బాబాయి లాంటి పిలుపు. ఎవరికని నాన్న అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు.

"గుడ్డ అయిపోయిందమ్మా," అన్నాడు.

ఒక సంచికి సరిపడా కాన్వాసు మిషను కింద, ఆయన కాళ్ల దగ్గరే చుట్టి ఉంది. ఆమె నిలుచున్న చోటికి అది కనిపించదు. నాకు కనిపిస్తోంది. ఆమె నా వైపు తిరిగింది. నిజమేనా అన్నట్టు చూసింది.

"అవును, నిన్ననే అయిపోయింది," అన్నాను. నా గొంతు వణకలేదు. ఇన్నేళ్లయినా నన్ను నొప్పించేది ఆ వణకని గొంతే.

ఆమె నమ్మింది. బియ్యం తిరిగి గంపలో పోసి, ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని, ఎక్కడా ఒరుసుకోవడం లేదు, చాలా బాగా కుట్టారని నాన్నకి దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమైందో సయాకీ తెలియలేదు, మాకూ తెలియలేదు.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నాన్న ఆగాడు. తర్వాత వంగి, ఆ కాన్వాసు చుట్ట బయటికి తీసి నేల మీద పరిచాడు. కత్తెర తీసుకుని, ఇక ఏ సంచికీ పనికిరానంత సన్నని పేలికలుగా కోయడం మొదలుపెట్టాడు. గుడ్డ ముడుచుకుపోతుంటే కత్తెర సరిగా సాగలేదు.

"ఆ కొస పట్టుకోవే," అన్నాడు.

పట్టుకున్నాను. గుడ్డ మొత్తం అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాను.